మేస్త్రీగారి చెవి

మా ఇంట్లో కారం ప్యాకెట్టు చించినప్పుడల్లా నాకొక చెవి జ్ఞాపకం వస్తుంది. కారం చూస్తే నాలుక జ్ఞాపకం రావాలి గాని, చెవి రావడమేమిటని మా ఆవిడ నవ్వుతుంది. మీరూ నవ్వుతారేమో. నవ్వండి, కాని కథంతా విన్న తర్వాత మీ వంటింటి అలమారలో ఉన్న ప్యాకెట్టు అంచు ఒకసారి వేళ్ళతో తడిమి చూడండి. నేను కోరేది అంతే.

గుంటూరు దగ్గర ఒక కారం మిల్లులో నేను 30 ఏళ్ళు యంత్రాల మరమ్మతు చూశాను. మిల్లు పేరు అప్రస్తుతం. చెప్పబోయేది నేను చేసిన తప్పు గనుక, ఆ మచ్చ నాకే ఉండనివ్వండి.

ఆ మిల్లులో ప్యాకింగు యంత్రం ఒకటుండేది. 1996లో కొన్నది. చూడడానికి ఇనప బీరువా నెత్తిన గరాటు బోర్లించకుండా నిలబెట్టినట్లుంటుంది. అది చేసే పని మాత్రం మన వీధి చివర కొట్లో శెట్టిగారు కాగితంతో పొట్లం కట్టే పనే. వెనకనున్న రోలు నుంచి ప్లాస్టిక్కు ఫిల్ము కిందికి దిగుతూ, ఒక కాలరు చుట్టూ ఒంపు తిరిగి గొట్టమవుతుంది. దాని అంచుల్ని ఒక వేడి పట్టీ నిలువునా అతుకుతుంది. అడుగున రెండు వేడి ఇనప దవడలు అడ్డంగా కరుస్తాయి. దాంతో గొట్టానికి అడుగు ఏర్పడి సంచీ అవుతుంది. పైన గరాటులో మరచుట్లున్న కడ్డీ ఒకటి గిర్రున తిరిగి ఆగుతుంది. దాన్ని ఆగరు అంటారు. ఎన్ని చుట్లు తిరిగితే అంత కారం. కారం పడగానే ఫిల్ము ఒక సంచీ పొడుగున కిందికి జారుతుంది. దవడలు మళ్ళీ కరుస్తాయి. ఆ ఒక్క కాటుతో కింది సంచీకి మూతి, పై సంచీకి అడుగు రెండూ అతుక్కుంటాయి. నడుమ కత్తి తెగ్గొడుతుంది. నిమిషానికి 40 ప్యాకెట్లు. అంటే ఒక్కొక్కదానికి సెకనున్నర.

ఇన్ని పనులూ వరసతప్పకుండా జరగాలంటే ఎవరో ఒకరు తాళం వెయ్యాలి గదా? ఆ రోజుల్లో తాళం వేసింది ఒక ఇరుసు. అది ఒక్క చుట్టు తిరిగితే ఒక్క ప్యాకెట్టు. దానికి క్యాములనే ఇనప బిళ్ళలు బిగించి ఉండేవి. బిళ్ళకొక పక్క ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బు వచ్చి మీటను నొక్కినప్పుడల్లా ఒక స్విచ్చి పడి, పక్కనున్న ప్యానెలులో రిలే ఒకటి టక్కుమనేది. ఆగరుకో, దవడలకో ఆజ్ఞ వెళ్ళేది.

ఈ యంత్రాన్ని నడిపినవారు మేస్త్రీగారు. చదివింది 5వ తరగతి. యంత్రం కంటే ముందే మిల్లులో చేరిన మనిషి. ఆయన యంత్రాన్ని చూసేవారు కాదు, వినేవారు. స్టూలు మీద అటు తిరిగి కూర్చుని టీ తాగుతూ, ఉన్నట్టుండి, “ఎడమ దవడ బరువుగా పడుతోంది, ఆపండి” అనేవారు. ఆపి విప్పితే స్ప్రింగు విరిగి ఉండేది. నేను డిప్లొమా చదివినవాణ్ణి. ఒప్పుకోవడానికి సిగ్గే గాని, ఆయన చెవి మీద నాకు అసూయగా ఉండేది.

2018 నాటికి యంత్రం ముసలిదయింది. ఇనుముకేమీ కాలేదు, చట్రం, ఇరుసు, దవడలు నిక్షేపంలా ఉన్నాయి. ముసలివయినవి దాని నరాలు. రిలేల మొనలు కాలి నల్లబడేవి. స్విచ్చీల్లోకి కారపు ధూళి దూరేది. 100 గ్రాముల ప్యాకెట్టు నుంచి 50 గ్రాములకు మారాలంటే స్పానర్లతో సగం పూట పట్టేది.

వీటన్నిటికంటే పెద్ద బెడద తూకం. ఆగరు కొలిచేది బరువు కాదు, మీ ఇంట్లో గ్లాసుతో బియ్యం కొలిచినట్లు, ఎంత చోటు నిండిందనే కొలుస్తుంది. గుల్లగా ఉన్న కారం ఒక తూకం, అణిగిన కారం మరొక తూకం. తగ్గితే చట్టం ఊరుకోదు. 2011 నాటి ప్యాకెట్టు సరుకుల నిబంధనల ప్రకారం 100 గ్రాముల ప్యాకెట్టులో తరుగు 4.5 గ్రాములు మించరాదు. పైగా మొత్తం సరుకు సగటు అచ్చువేసిన తూకానికి తగ్గరాదు. ఆ భయంతో మేము ప్రతి ప్యాకెట్టులో 2 గ్రాములు ఎక్కువ పోసేవాళ్ళం. రెండు గ్రాములేగా అంటారు మీరు. నిమిషానికి 40 ప్యాకెట్లంటే 80 గ్రాములు; గంటకు 4 కిలోల 800 గ్రాములు; 8 గంటల షిఫ్టుకు 38 కిలోల పైచిలుకు కారం ఊరికే పంచిపెట్టినట్లు! ఈ లెక్క విన్న పూట మా యజమానిగారు భోజనంలో పచ్చడి ముట్టలేదట.

ఇంత పోసినా తగ్గినవి తగ్గుతూనే ఉండేవి. వాటిని ఏరడానికి తూకం బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళుండేవారు. తగ్గిన ప్యాకెట్టు తీసి, చించి, కారం మళ్ళీ గరాటులో పోయడం వాళ్ళ పని. వాళ్ళ సంగతి మళ్ళీ వస్తుంది.

కొత్త యంత్రం ధర విని యజమానిగారికి కళ్ళు తిరిగాయి. అప్పుడు నేనొక సలహా చెప్పాను. గోడలు గట్టిగా ఉన్న ఇంటిని పడగొట్టడమెందుకు? వైరింగు మార్చుకుంటే పోదా? ఒళ్ళు పాతదే ఉంచి మెదడు కొత్తది పెడదామన్నాను. ఆ మెదడు పేరు పీ.ఎల్.సీ. చెప్పుల పెట్టెంత ఉంటుంది. అచ్చంగా కంప్యూటరే గాని, ఉత్తరాలు రాయదు, సినిమాలు చూపించదు. ఏ సెన్సారు ఏమంటున్నదో వినడం, లోపలి రాత ప్రకారం ఏ మోటారు ఎప్పుడు తిరగాలో ఆజ్ఞాపించడం, మళ్ళీ వినడం, మళ్ళీ ఆజ్ఞాపించడం. కన్ను మూసి తెరిచేలోగా ఎన్నోసార్లు ఇదే పని.

దాని పుట్టుక కూడా చిత్రమైనదే. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ కార్ల కంపెనీవారికి మావంటి చిక్కే వచ్చింది. కారు నమూనా మారినప్పుడల్లా రిలేల ప్యానెళ్ళ వైర్లు విప్పి మళ్ళీ కట్టుకోవలసి వచ్చేది. వైర్లు మార్చే పని లేకుండా, లోపలి రాత మారిస్తే చాలునన్నట్లు ఒక పెట్టె కావాలన్నారు. డిక్ మోర్లీ అనే ఇంజనీరు, ఆయన సహచరులు కలిసి తయారుచేసిన పెట్టె పేరు మోడికాన్ 084. వాళ్ళ సంస్థకు అది 84వ పని గనుక ఆ అంకె. ఇందులో నాకు నచ్చిన సంగతి మరొకటున్నది. ఆ పెట్టెలోని రాతను, ఎలక్ట్రీషియన్లు అంతవరకు గీసుకుంటున్న రిలే బొమ్మల మాదిరిగానే, నిచ్చెన మెట్లలాగా ఏర్పాటు చేశారు. పని తెలిసిన పాత మనిషి చూసి చదువుకోగలగాలని వాళ్ళ ఉద్దేశం. అంత పెద్ద మార్పు తెస్తూ కూడా పాతవాణ్ణి వెంటబెట్టుకుపోవాలనే బుద్ధి వాళ్ళకు పుట్టింది. నాకు పుట్టలేదు.

“మేస్త్రీతో కూడా ఒకమాట అనుకుంటే బాగుంటుందేమోనయ్యా” అన్నారు యజమానిగారు. నేనే వద్దన్నాను. “పాతకాలం మనిషండీ. రాద్ధాంతం చేస్తాడు. పెట్టేసిన తర్వాత ఆయనే అలవాటుపడతాడు” అన్నాను. అసలు కారణం అది కాదేమో. ఈసారి ఆయన చెవితో అవసరం లేకుండా ఒక పని చేసి చూపించాలని నాలో ఏ మూలో ఉండి ఉంటుంది.

ఆ మే నెలలో మేస్త్రీగారు మేనకోడలి పెళ్ళికి వారం రోజులు సెలవు పెట్టారు. అదే అదనుగా యంత్రం విప్పేశాం. హైదరాబాదు నుంచి ఇంజనీరు అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి, చేతికి నూనె అంటుకుంటుందనే బెంగ లేని పిల్ల. ఫిల్ము లాగడానికొకటి, ఆగరు తిప్పడానికొకటి సర్వో మోటార్లు పెట్టింది. చెప్పినంత మేర తిరిగి, చెప్పినచోట ఆగడం వాటి గుణం. దవడల వేడి చూసుకోవడానికి కొత్త ఏర్పాటు, ఫిల్ము మీది నల్లగుర్తు పసిగట్టే కొత్త కన్ను, ప్యాకెట్టు నడుస్తుండగానే తూచే కాటా, ముందువైపు వేలితో తాకే తెర అమర్చాం. పాత రిలేలు, క్యాములు అన్నీ పెరట్లో తుక్కు కుప్పలో పారేయించాను.

మేస్త్రీగారు తిరిగి వచ్చి, గుమ్మంలో నిలబడి చూశారు. ఒక్క మాటా అనలేదు. స్టూలు గోడవైపు జరుపుకుని కూర్చున్నారు.

యంత్రం మొదలెట్టాం. తూకం చూస్తే ముచ్చటేసింది. 100 అంటే 100, మహా అయితే ఒక గ్రాము అటూ ఇటూ. యజమానిగారు మిఠాయి తెప్పించారు. ఆ మిఠాయి తినడం పూర్తికాకముందే, తూకం బల్ల దగ్గరి ఆవిడ ఒక ప్యాకెట్టు నొక్కి చూపించింది. అతుకులోంచి కారం బుస్సున ఆవిడ కళ్ళల్లో కొట్టింది.

పదింటిలో రెండు ప్యాకెట్లు అలాగే ఉన్నాయి. ఇంజనీరు అమ్మాయి దవడల వేడి పెంచింది. ఫిల్ము ముడతలు పడింది. తగ్గించింది, అతుకు ఊడింది. ఒత్తిడి పెంచింది, కొత్త రోలు ఎక్కించింది. మూడు రోజులు. తుమ్ములు, దగ్గులు, నేలంతా ఎర్రదనం. బస్తాల కొద్దీ కారం చించి పోసుకున్నాం. “నీ సలహా ఖరీదెంతో లెక్క వేశావటయ్యా?” అన్నారు యజమానిగారు. ఆ మూడు రోజులూ మేస్త్రీగారు గోడవైపు తిరిగి కూర్చుని టీ తాగారు.

మూడోనాటి రాత్రి నాకు నిద్రపట్టలేదు. లేచి, స్కూటరు తీసి, వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసింది ఆయన భార్య. “మూడు రోజులై అన్నం సరిగ్గా తినడంలేదు బాబూ. ఏమయిందంటే చెప్పరు” అన్నది. ఆయన అరుగు మీద చాప వేసుకుని పడుకుని ఉన్నారు. నన్ను చూసి లేచి కూర్చున్నారు.

“నేను పనికిరానంటే ఆ మాట మొహాన చెప్పవచ్చుగా బాబూ” అన్నారు. “పెళ్ళికి వెళ్ళి వచ్చేసరికి ఇంటి తాళం మార్చేసినట్టు చేశారు.”

“మీరు ఒప్పుకోరనుకున్నాను మేస్త్రీగారూ.”

“అడిగారా?”

నా దగ్గర జవాబు లేదు. కొంతసేపటికి నేనే, “తప్పయింది. అతుకు ఎందుకు ఊడుతోందో మీకేమయినా తెలిస్తే చెప్పండి” అన్నాను.

“మొదటి రోజు, మొదటి ప్యాకెట్టుకే వినబడింది. పొడి కూర్చోకముందే కరుస్తోంది.”

“అప్పుడే చెప్పలేదేం?”

“అడగలేదుగా” అన్నారాయన. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ బాధ కలిగింది.

ఆ రాత్రే ఆయన చెప్పినదాన్ని బట్టి నాకు సంగతి తెలిసింది. ఆగరు ఆగిన తర్వాత కూడా కారం ఇంకా గొట్టంలో దిగుతూనే ఉంటుంది. బరక కారం దబ్బున పడుతుంది. మెత్తటి కారం పొగలాగా లేచి, తీరిగ్గా దిగుతుంది. అది దిగకముందే దవడలు కరిస్తే అతుకు నడుమ కారం చిక్కుకుపోతుంది. ఫిల్ముకు ఫిల్ము అంటదు. వేడి ఎంత పెంచినా ఏం లాభం? తడిచేతికి బొట్టుబిళ్ళ అంటుతుందా?

“మరి ఇన్నాళ్ళూ ఎట్లా అతికింది?”

“ఆ క్యాములెక్కడ పారేశారు బాబూ?” అని ఎదురు ప్రశ్న వేశారు.

తెల్లవారుతుండగా మేమిద్దరం టార్చిలైటుతో తుక్కు కుప్ప మీద పడ్డాం. ఇంకా బండి వచ్చి తీసుకుపోలేదు, నా అదృష్టం. దవడల క్యాము దొరికింది. మేస్త్రీగారు పంచె చెంగుతో తుడిచి నా చేతిలో పెట్టారు. అంచున ఆకురాయితో గీసిన మూడు గీతలు! మొదటిది బరక కారానికి. రెండోది మెత్తటి కారానికి. మూడోది వానాకాలంలో చెమ్మకు కారం గొట్టానికి అంటుకుంటూ దిగే రోజులకు. రోజు చూసి, సరుకు చూసి, క్యామును ఆ గీతకు తిప్పి బిగించేవారట. ఇన్నేళ్ళలో నేనా గీతలు చూడనేలేదు. ఆయన జ్ఞానమంతా ఆ ఇనప బిళ్ళ మీద రాసి ఉంది. నేను దాన్ని తుక్కు ధరకు అమ్మబోయాను.

ఇంజనీరు అమ్మాయి కోణమానిని పెట్టి కొలిచింది. మొదటి గీతకు రెండోది 24 డిగ్రీల ఎడం, మూడోది 36 డిగ్రీల ఎడం. ఇరుసు సెకనున్నరలో 360 డిగ్రీలు తిరుగుతుంది గనుక, 24 డిగ్రీలంటే సరిగ్గా సెకనులో పదో వంతు. 36 డిగ్రీలంటే 0.15 సెకను. సెకనులో పదో వంతును చెవితో విని, ఆకురాయితో గీసిపెట్టిన మనిషిని ఆ పిల్ల కాసేపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత, “బాబాయిగారూ, ఇంకా ఏమేమి ఉన్నాయో అన్నీ చెప్పండి. రాసుకుంటాను” అని నేలమీద చతికిలబడింది.

ఆయన చెప్పారు. టీకి యంత్రం ఆపితే, వేడి దవడల పక్కన నిలిచిపోయిన ఫిల్ము ముడుచుకుపోతుంది. మొదలెట్టిన తర్వాత మొదటి రెండు సంచీలు ఆయన ఎప్పుడూ చేత్తో లాగి పారేసేవారు. గరాటు నిండా ఉన్నప్పుడు కారం అణిగి తూకం పెరుగుతుంది. సగానికి దిగితే తగ్గుతుంది. అందుకని ఆయన గరాటును ఎప్పుడూ ముప్పాతికలో ఉంచేవారు. ఆ అమ్మాయి ఒక్కొక్కటే నిచ్చెన మెట్టుగా రాసింది. సాయంత్రానికి 200 ప్యాకెట్లు నొక్కి చూశాం. ఒక్కటీ ఊడలేదు.

చివరికి తెర సంగతి వచ్చింది. అందులో అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. “ఇది నాకు గోడతో సమానం” అన్నారు మేస్త్రీగారు. ఆ పిల్ల ఆ రాత్రి కూర్చుని అన్నీ తెలుగులోకి మార్చింది. కొత్త మీటకు ఏం పేరు పెట్టమంటారని అడిగితే, “పొడి కూర్చునే వేళ” అన్నారు. అదే పెట్టింది. దానికింద మూడు బొత్తాలు: బరక, మెత్తన, వాన.

ఆయన అడిగింది ఇంకొక్కటే. “ఈ ఎర్రబొత్తాం కూడా ఆ పెట్టెను అడిగే ఆపుతుందా?” అన్నారు. లేదని చెప్పింది. ప్రమాదంలో నొక్కే బొత్తాం పీ.ఎల్.సీ. అనుమతి కోసం చూడదు. విడి వైరింగుతో, విడి రిలేతో, మోటార్ల కరెంటును నేరుగా కోసేస్తుంది. “అయితే సరే. చెయ్యి ఇరుక్కున్నప్పుడు ఎవర్నీ అడిగే పని ఉండకూడదు” అన్నారాయన.

ఆ తర్వాత యంత్రం నిమిషానికి 50 దాకా పోయింది. సైజు మార్చడం అరగంటలో అయ్యేది. కాలరు, గొట్టం మాత్రం చేత్తోనే మార్చుకోవాలి. కాటా తూకం తగ్గడం చూసి ఆగరుకు కబురు పంపిస్తుంది. అది మరికాస్త తిరుగుతుంది. ఊరికే పోయే 38 కిలోలు దాదాపుగా ఆగిపోయాయి.

తూకం బల్ల దగ్గరి ఆడవాళ్ళ సంగతి చెప్తానన్నాను. తగ్గిన ప్యాకెట్లు లేనప్పుడు వాటిని ఏరే పని ఎక్కడిది? ఒకావిడను అట్టపెట్టెలు నింపే చోటికి మార్చారు. రెండో ఆవిడకు వారంలో మూడు రోజులే పని దొరికింది. కొన్నాళ్ళకు రావడం మానేసింది. ఎవరూ ఆవిడను పొమ్మనలేదు. రమ్మని కబురూ పెట్టలేదు. కారం కళ్ళల్లో పడినా మాకు ముందుగా తప్పు చూపించింది ఆవిడే. మేస్త్రీగారిని ఆలస్యంగానైనా అడిగాను. ఆవిడను అడగనే లేదు. ఆ లెక్క నా పుస్తకంలో ఇప్పటికీ తేలలేదు.

మేస్త్రీగారు 2022లో పని విరమించారు. వెళ్ళేలోగా ఒక కుర్రవాణ్ణి తయారుచేశారు. వాడు తెర చూసి నడుపుతాడు. కాని మొదటి నెలంతా ఆయన వాణ్ణి తెరకు వీపు పెట్టి కూర్చోబెట్టారు. “ముందు విను. తర్వాత చూడు” అనేవారు. వీడ్కోలు నాడు శాలువతో పాటు ఆ క్యామును కూడా మెరుగుపెట్టించి ఆయన చేతిలో పెట్టాను. మొన్న వాళ్ళింటికి వెళితే, అది ఆవిడ ఊరగాయ జాడీ మూత మీద బరువుగా ఉన్నది. ఇనుము ఎక్కడున్నా పనికివస్తుందన్నారు మేస్త్రీగారు.

నేనూ ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాను. మా అబ్బాయి ఇంట్లో ఏదో ఒక కొత్త సామాను తెచ్చి, “నాన్నకు చెప్పకు, ఆయన ఒప్పుకోడు” అని తల్లితో గుసగుసలాడుతుంటాడు. నాకు వినబడుతుంది. నా చెవి కూడా మంచిదే. వాడు వచ్చి అడిగితే బాగుండునని చూస్తూ కూర్చుంటాను.

ఇక మీరు లేచి, ఆ ప్యాకెట్టు అంచు ఒకసారి తడమండి. గట్టిగా ఉంటే, పొడి కూర్చున్న తర్వాతే దవడలు కరిచాయన్నమాట. ఎక్కడో ఎవరో ఎవరినో అడిగి ఉంటారు.